బంధుత్వం లేని మండలం

సత్యవేణి వీధరుగు మీద కూర్చుని గోంగూర గిల్లుతోంది. గిల్లుతూనే అత్తగారితో పోట్లాడుతోంది. ఆ ఇంట్లో ఈ రెండూ రోజూ పొద్దున్నే జరిగే పనులే. కూర ఏదైనా కావచ్చు, పోట్లాట మాత్రం ఉప్పు దగ్గరే మొదలవుతుంది. వెయ్యలేదంటుంది మహంకాళమ్మ. వేశానంటుంది సత్యవేణి. ఆ ఇంటి మగవాడు లారీ మీద నాగపూరు వెళ్ళి నెలకోసారి ఇల్లు చేరతాడు కాబట్టి, తీర్పు చెప్పేవాళ్ళు లేక పోట్లాట మర్నాటికి వాయిదా పడుతూ ఉంటుంది.

ఆ పొద్దున మాత్రం అత్తగారు ఉప్పు వదిలేసి ఇంటి సంగతి ఎత్తింది.

కాలవగట్టు వెడల్పు చేస్తారట. గట్టువారనున్న ఇళ్ళలో పొజిషన్ సర్టిఫికెట్ ఉన్నవి ఉంటాయి, లేనివాటిని నెలాఖరుకి తీసేస్తారట. మహంకాళమ్మ కాపురానికొచ్చింది ఆ పెంకుటింటికే. కొడుకు పుట్టింది అక్కడే, మొగుడు పోయింది అక్కడే. ఇల్లు ఆవిడదేనని ఊరందరికీ తెలుసు, కాగితానికే తెలియదు. అందుకని దరఖాస్తు పెట్టుకుంది. కోడలు పనిచేసేది ఆ తహసీల్దారాఫీసులోనే. జూనియర్ అసిస్టెంటు. అయినా అత్తగారి దరఖాస్తు అందరి దరఖాస్తుల్లాగే వరసలో నడుస్తోంది. దాన్ని ముందుకి తొయ్యడం సత్యవేణికి చేతకాదు.

"ఆఫీసులో కోడల్ని పెట్టుకుని నేను వరసలో నిలబడాలటే?" అంది మహంకాళమ్మ.

"నిలబడింది మీరు కాదత్తయ్యా, మీ కాగితం. రెండు మూడు వారాల్లో తహసీల్దారుగారి బల్ల మీదికి వస్తుంది. ఒక్క సంతకం, అంతే."

"ఆ సంతకమేదో పెంకులు దింపకముందు పెట్టమను. దింపాక పెడితే దాన్ని కప్పుకుని పడుకోవాలి."

సత్యవేణి ఆకు కడిగి, చెయ్యి తుడుచుకుని ఆఫీసుకి బయల్దేరింది. బయల్దేరుతుంటే వెనక నుంచి, ఉప్పు వెయ్యలేదన్న మాట వినిపించింది.

ఆ రోజే ఆఫీసుకి అవినీతి నిర్ధారణ బృందం దిగింది. బృందమంటే ఒకే ఒక మనిషి, డాక్టర్ విశ్వమోహన్. మందులిచ్చే డాక్టరు కాదు, పరిపాలనకి పట్టిన జబ్బేమిటో చెప్పే డాక్టరు. ఎక్కడో పెద్ద బ్యాంకు ఒకటి ఇందుకోసం నిధులిచ్చింది. ఆయన వర్ధమాన దేశాలు చాలా తిరిగాడు. ఆయన తిరిగి వెళ్ళాక కూడా అవి వర్ధమాన దేశాలుగానే ఉన్నాయి. పుట్టుక తెలుగే. చిన్నప్పుడే ఊరు దాటిపోయి, పోగొట్టుకున్న తెలుగుని మళ్ళీ పుస్తకాల్లోంచి కొనుక్కున్నాడు.

సిబ్బందినందరినీ నిలబెట్టి ఆయన అన్నాడు: "మిత్రులారా, చికిత్సకు ముందు నిర్ధారణ. నిర్ధారణకు ముందు పరిశీలన. కనుక మీరు మీ అవినీతిని యథాతథంగా కొనసాగించండి. నేను గమనిస్తాను."

సిబ్బంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇబ్బందేమిటంటే ఆ ఆఫీసులో లంచం లేదు. అందరూ మహానుభావులు కావడం వల్ల కాదు. తహసీల్దారు భద్రంగారు పుట్టు పిరికివాడు. సంతకం పెట్టడానికే ఆయన చెయ్యి వణుకుతుంది, ఇక చాపడం కూడానా. పైవాడు ముట్టనిదే కిందివాళ్ళు ముట్టలేక ఊరుకున్నారు. పనులు ఆలస్యమయ్యేవి నిజమే, కానీ ఆ ఆలస్యం అందరికీ ఉచితంగానే దొరికేది.

విశ్వమోహన్ వరండాలో కుర్చీ వేయించుకుని, ఒళ్ళో ట్యాబు పెట్టుకుని కూర్చున్నాడు. బల్లల కింద చూశాడు. టీకొట్టు వెనక చూశాడు. ఎవరి చెయ్యీ ఎవరి జేబులోకీ వెళ్ళడం లేదు. ఆయన మొహం రోజురోజుకీ వాడిపోయింది. జబ్బు లేదంటే చికిత్స లేదు. చికిత్స లేదంటే ప్రణాళిక లేదు. ప్రణాళిక లేకపోతే ఆ బ్యాంకుకి ఏం చెప్పుకోవాలి?

అలా దిగులుపడుతున్నవాడికి ఒక మధ్యాహ్నం చెవులు తెరుచుకున్నాయి.

కౌలు రైతొకడు సైకిలు స్టాండు వేసి, "ఏం బావా, సారు లోపలున్నారా?" అని అటెండరునడిగాడు. ఇంకొకావిడ వచ్చి సత్యవేణిని పిన్నీ అంది. ఎవరో కుర్రాడు సర్వేయరు పుల్లారావుని మావయ్యా అన్నాడు. పూలమ్మే ఆవిడ ఏకంగా భద్రంగారినే అన్నయ్యగారూ అని పిలిచి, ఆయన బల్ల మీది పటానికి మూర చామంతి వేసి వెళ్ళింది. విశ్వమోహన్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ట్యాబు మీద వేళ్ళు గబగబా ఆడాయి. సాయంత్రానికి మొహంలో కళ వచ్చేసింది.

మర్నాడు సమావేశం పెట్టాడు. ఆఫీసుకి వచ్చేవాళ్ళు దాదాపు అందరూ సిబ్బందికి దగ్గర చుట్టాలేనని గణాంకాలతో తేలిందన్నాడు.

"ఇది కార్యాలయం కాదు, కుటుంబం. ఆశ్రితపక్షపాతం ఇంత బాహాటంగా, ఇంత నిర్భయంగా సాగడం నేను ఏ ఖండంలోనూ చూడలేదు."

సత్యవేణి ఎప్పుడూ సమావేశాల్లో నోరు విప్పే మనిషి కాదు. ఆ రోజు మాత్రం లేచి నిలబడింది. "వాళ్ళెవరూ మాకు చుట్టాలు కాదు సార్. మా వైపు ఎవర్నయినా అలాగే పిలుస్తాం. బస్సులో పక్క సీట్లో కూర్చున్నాయన్ని కూడా."

"బస్సుల్లోకి కూడా పాకిందన్నమాట," అని విశ్వమోహన్ రాసుకున్నాడు.

వారం తిరక్కుండా సంస్కరణ వచ్చింది. పేరు బంధుత్వరహిత కార్యాలయం. గోడ మీద నియమాలు అతికించారు. ఆఫీసు ఆవరణలో ఒకరినొకరు వరస పెట్టి పిలుచుకున్నవారు ఒకరికొకరు బంధువులుగా భావించబడుదురు. బంధువు అయినవారు సదరు ఫైలును తాకరాదు. బంధువు రాసినది అనుకూలమైనను, అభ్యంతరమైనను చెల్లదు. ఉద్యోగులను అంకెతోను, ప్రజలను పౌరుడు, పౌరురాలు అనియు సంబోధించవలెను. ఈ నియమాలు అటెండరు నుంచి సలహాదారు వరకు అందరికీ వర్తించును. ఆ చివరి వాక్యం విశ్వమోహన్ స్వయంగా చేర్చాడు. సలహాదారంటే తానే కదా, ముందు తనకే వర్తించాలని ఉపన్యాసం కూడా ఇచ్చాడు.

నియమం తప్పినప్పుడల్లా గంట మోగాలి. పూజాసామాన్ల కొట్లోంచి ఇత్తడి గంట తెప్పించి, దాన్ని మోగించే అధికారం తహసీల్దారుకే ఇచ్చారు. హోదా పేరు సంబోధనా పర్యవేక్షణాధికారి. భద్రంగారు మొదట భయపడ్డారు. ఒకసారి కొట్టి చూశారు. ఇంకోసారి కొట్టి చూశారు. సంతకం అక్కర్లేని అధికారం ఆయనకి జీవితంలో ఇదే మొదటిసారి. ఆ రోజు నుంచి గంట ఆయన చెయ్యి వదల్లేదు, భోజనానికి కూర్చున్నా ఎడమచేతిలో ఉండాల్సిందే.

మొదటి రోజు వరసలో ముందు నిలబడ్డది చేపలమ్మే సూరాయమ్మ. ఆదాయం సర్టిఫికెట్ కోసం వచ్చింది. సత్యవేణిని చూసి "అమ్మాయ్" అంది. గంట మోగింది. వరస చివరికెళ్ళి మళ్ళీ వచ్చి "తల్లీ" అంది. గంట. మూడోసారి ఎంతో జాగ్రత్తగా, ఎవరికీ తగలకుండా "ఏమండీ" అంది. భద్రంగారు తటపటాయించి విశ్వమోహన్ వైపు చూశారు. అది భార్య భర్తను పిలిచే పిలుపని ఆయన పుస్తకంలో ఉంది. గంట. సూరాయమ్మ ఇంటికెళ్ళి, గవర్నమెంటువాళ్ళు ఈ వయసులో తనకి మళ్ళీ పెళ్ళి చేశారని, అదీ ఆడపిల్లకిచ్చి చేశారని వీధంతా చెప్పుకుంది.

మన వైపువాళ్ళు మాట చివర అనే "ఆయ్" ఏ వరస కిందకి వస్తుందో మాత్రం విశ్వమోహన్‌కి తేలలేదు. పైవాళ్ళకి రాశాడు. జవాబు వచ్చేదాకా సగం గంట కొట్టమన్నాడు. సగం గంట ఎలా కొట్టాలో భద్రంగారు తలుపేసుకుని సాధన చేశారు.

గంట మోగినవాళ్ళు చుట్టాలు కారని రుజువు చేసుకోవాలంటే బంధుత్వ విచ్ఛేద పత్రం తెచ్చుకోవాలి. అందుకు ఇద్దరు సాక్షులు కావాలి. సాక్షులు వచ్చి, "ఈ అన్నయ్యకి ఆ బాబుగారు ఏమీ కారండి," అనేవారు. రెండు గంటలు మోగేవి.

ఇలా ఉండగా సర్వేయరు పుల్లారావు సొంత తమ్ముడు వచ్చాడు. ఒక తల్లి పిల్లలే, కానీ పంపకాల్లో మధ్యగోడ దగ్గర చెడి, ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. తమ్ముడు అన్న మొహం చూడకుండా, గోడకేసి చూస్తూ, "మూడో నంబరు ఉద్యోగీ, నా పొలం కొలవాలి," అన్నాడు. గంట మోగలేదు. సాయంత్రానికి పొలం కొలిచేశారు. విశ్వమోహన్‌కి ఆనందం పట్టలేదు. పౌరుడికీ ఉద్యోగికీ మధ్య ఉండవలసిన దూరం ఇదేనని, అన్నదమ్ములిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీయించాడు. వాళ్ళు చెరోవైపు తిరిగి నిలబడ్డారు. ఆ ఫొటో నివేదిక అట్ట మీదికెక్కింది.

తర్వాత జనం మాట్లాడ్డం మానేసి సైగలు మొదలుపెట్టారు. పుట్టిన తేదీ సైగ చెయ్యడం ఎవరి తరమూ కాదు. చివరికి ఆఫీసుకి రావడమే మానేశారు. వరండా ఖాళీ. విశ్వమోహన్ నివేదికలో, బంధుత్వం దాదాపు అంతరించిందని, దరఖాస్తులు కూడా లేవు కాబట్టి ప్రజల సమస్యలు తీరిపోయినట్టు భావించవచ్చని రాశాడు. పొరుగు మండలాలకి గంటలు ఆర్డరిచ్చారని వినికిడి.

ఆ నిశ్శబ్దంలో మహంకాళమ్మ కాగితం మెల్లగా నడుచుకుంటూ తహసీల్దారు బల్ల మీదికి చేరింది.

ఆవిడ ఎన్నడూ ఆఫీసు మెట్లెక్కిన మనిషి కాదు. ఎవర్నీ ఏమీ పిలవలేదు కాబట్టి గంటా మోగలేదు. సత్యవేణి ఊరుకుని ఉంటే సంతకం పడిపోయేదే. కానీ ఉద్యోగులు తమ బంధువుల దరఖాస్తుల సంగతి ముందే చెప్పాలన్నది సంస్కరణలకి ముందు నుంచీ ఉన్న పాత నియమం. అందరూ మర్చిపోయిన ఆ నియమం ఆ అమ్మాయికొక్కదానికే గుర్తుంది. ఫైలు ముట్టుకోకుండా దూరం నుంచే, ఈవిడ మా అత్తగారండి అని చెప్పింది.

విశ్వమోహన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇన్నాళ్ళ పరిశోధనలో అసలు సిసలు చుట్టం దొరకడం ఆయనకి ఇదే మొదటిసారి. దీన్నే ఉదాహరణగా చూపిస్తానన్నాడు. నెలాఖరు రోజున తానే ఇంటికొచ్చి తనిఖీ చేస్తాడట. అత్తాకోడళ్ళ మధ్య బంధుత్వం తెగినట్టు తేలితే సరే. తేలకపోతే అభ్యంతరం రాసి సంతకం పెడతాడు. అభ్యంతరం పడితే ఫైలు మూతే. పడకపోతే తహసీల్దారు సంతకం చేసుకోవచ్చు.

"అంటే నేను నీకు అత్తను కానని తేలాలి, అంతేనా?" అని మహంకాళమ్మ సాయంత్రం అడిగింది.

"అంతే అత్తయ్యా."

"పెళ్ళయినప్పట్నుంచీ నీ మనసులో ఉన్న మాటే కదే. సర్కారువారికి ఎలా తెలిసిందో."

నవ్వింది గానీ, ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. పడుకోబోయే ముందు గోడని ఒకసారి చేత్తో తడిమి వెళ్ళడం సత్యవేణి చూసింది.

నెలాఖరు రోజున భోజనాల వేళకి విశ్వమోహన్, ఆయన వెనక ఫైలు చంకన పెట్టుకుని, గంట పట్టుకుని భద్రంగారు వచ్చారు. గుమ్మంలో నిలబడి, తనిఖీ జరుగుతున్నంతసేపూ ఈ ఇల్లు కార్యాలయ ఆవరణేనని, నియమాలన్నీ ఇక్కడా వర్తిస్తాయని విశ్వమోహన్ ప్రకటించాడు. భద్రంగారు తల ఊపారు.

అత్తాకోడళ్ళు వారం నుంచీ సాధన చేసి ఉన్నారు. మధ్యలో ఒక దండెం కట్టి దుప్పటి ఆరేశారు. అటు పొయ్యి, ఇటు పొయ్యి.

"పౌరురాలుగారూ, కాస్త మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అంది మహంకాళమ్మ, బట్టల కొట్లో బొమ్మలా నిలబడి.

"తప్పకుండా పౌరురాలుగారూ," అంది సత్యవేణి.

విశ్వమోహన్ ప్రశ్నలు వేశాడు. ఒకరి పుట్టినరోజు ఒకరికి తెలుసా? తెలియదు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు ఏం చేస్తారు? ప్రభుత్వాసుపత్రికి సమాచారం ఇస్తారు. ఆయన సంతృప్తిగా తల పంకించాడు. పరాయితనం బాగుందన్నాడు. అంతా అయిపోయినట్టే. ఫైలు మూసి లేవబోయాడు.

సరిగ్గా అప్పుడు సత్యవేణి వైపు పొయ్యి మీద గోంగూర పప్పు కుతకుతలాడింది. మహంకాళమ్మ ముక్కు ఎగబీల్చింది. కాళ్ళు ఆగలేదు. దుప్పటి పక్కకి తోసి, గరిటె ముంచి, అరచేతిలో ఒక బొట్టు వేసుకుని నాలిక్కి తగిలించుకుంది.

"దీంట్లో ఉప్పేదీ?"

"వేశాను."

"గోంగూరలో ఎంత వెయ్యాలో నీకు మీ అమ్మ నేర్పలేదు, నేను నేర్పితే నువ్వు నేర్చుకోలేదు."

"మా అమ్మని ఎందుకు లాగుతారు? మీ నాలికకే ఉప్పు తెలియడం మానేసింది. బీపీ బిళ్ళ వేసుకోమంటే వేసుకోరు."

"నా బిళ్ళలు లెక్కపెట్టడానికి నువ్వెవరివే?"

ఆ ప్రశ్న పూర్తయ్యాక గానీ ఇద్దరికీ తామెక్కడున్నారో గుర్తు రాలేదు. దుప్పటి జారి కిందపడింది.

విశ్వమోహన్ సంచిలోంచి పుస్తకం తీసి ఒక పేజీ చూసుకున్నాడు. పరాయివారు మర్యాదగా ఉంటారు, ఇంత కష్టపడి పోట్లాడుకోరు అన్నాడు. బంధుత్వం అత్యంత తీవ్రస్థాయిలో రుజువైనది, అభ్యంతరం అని ఫైలులో రాశాడు. కింద సంతకం చెయ్యడానికి కలం పట్టుకున్నాడు.

సత్యవేణి గోడకి చేరగిలబడింది. మహంకాళమ్మ మాత్రం గరిటె పక్కన పెట్టి, పీటలు తెచ్చి వాల్చింది.

"సంతకం తిన్నాక పెట్టుకుందురు గాని. భోజనం వేళకి గుమ్మంలోకొచ్చినవాళ్ళని ఉత్తినే పంపించడం ఈ ఇంట్లో లేదు. రేపు ఇల్లే ఉండదు, ఇవాళన్నా పెట్టనివ్వండి."

అది ప్రలోభం కిందకి వస్తుందని విశ్వమోహన్ అన్నాడు.

"ప్రలోభం దేనికి? నాకు కాదని రాసేశారుగా. ఇక మీతో నాకు పనేముంది?"

ఆ తర్కంలో ఆయనకి లోపం కనపడలేదు. పైగా పొయ్యి దగ్గర పప్పుకి తాలింపు పడ్డ వాసన వస్తోంది. ఫైలు పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు. భద్రంగారూ కూర్చున్నారు, ఎడమచేతిలో గంటతో.

వేడి అన్నం, గోంగూర పప్పు, మీద నెయ్యి, పక్కన వేయించిన ఊరమిరపకాయలు. మొదటి ముద్ద విశ్వమోహన్ పరిశీలనగా తిన్నాడు. రెండోది మామూలుగా తిన్నాడు. మూడో ముద్ద నుంచి ఆయన ఎక్కడికో వెళ్ళిపోయాడు. పుస్తకాల తెలుగు రాకముందు ఆయనకో తెలుగు ఉండేది. ఎవరిదో వంటిల్లు, పీట, పక్కన కూర్చుని విసనకర్రతో విసిరే మనిషి. కళ్ళద్దాల మీద ఆవిరి పట్టింది. తుడుచుకోలేదు.

"ఇంకాస్త వేసుకో నాయనా," అంది మహంకాళమ్మ, గరిటె ఎత్తి.

గంట మోగింది. ఆవిడ పట్టించుకోకుండా వేసింది. ఇంకో గరిటె ముంచింది.

విశ్వమోహన్ కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలు పిన్నీ, చాలు."

భద్రంగారి కుడిచెయ్యి కంచంలో ఉంది. ఎడమచెయ్యి, ఇన్నాళ్ళ అలవాటు కొద్దీ, దానంతటది లేచింది.

గంట మోగింది. సగం గంట కాదు, పూర్తి గంట.

ఆ మోతకి అందరికంటే ఎక్కువ ఉలిక్కిపడ్డది భద్రంగారే. విశ్వమోహన్ ఆయన్ని చూశాడు, గంటని చూశాడు, పక్కన సంతకం లేకుండా పడున్న ఫైలుని చూశాడు. ఎడమచెయ్యి ఫైలు వైపు చాచాడు.

"తాకకూడదండి," అన్నారు భద్రంగారు, ఎంతో మెల్లగా. ఆ మనిషి ఒకరికి అడ్డు చెప్పడం సత్యవేణి ఎప్పుడూ వినలేదు. "రూలు మీదే సార్. మీ పిన్నిగారి ఫైలులో మీరు రాసినదేదీ ఇక చెల్లదు. అభ్యంతరమైనా సరే."

చాచిన చెయ్యి వెనక్కి వెళ్ళింది. భద్రంగారు గంట కింద పెట్టి, ఫైలు ఒళ్ళోకి లాక్కుని, సత్యవేణిని కలం అడిగారు. ఆయన చెయ్యి వణకలేదని చెప్పలేను, వణికింది. కానీ మహంకాళమ్మ కాగితం మీద సంతకం మాత్రం పూర్తిగా పడింది.

విశ్వమోహన్ లేచి పెరట్లోకెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. సంచి భుజాన వేసుకున్నాడు. మజ్జిగన్నా పోసుకోలేదని మహంకాళమ్మ వెనకాలే వచ్చింది. గుమ్మంలో చెప్పులు తొడుక్కుని ఆయన వెనక్కి తిరిగాడు. వెళ్ళొస్తాను పిన్నీ అని అనబోతున్నట్టు పెదవులు కదిలాయి. లోపల భద్రంగారి చెయ్యి గంట మీదికి వెళ్ళడం కనిపించింది. నోరు మూసుకుని కాలవగట్టు దిగి వెళ్ళిపోయాడు.